షట్టరు మీది రంగులు

మా మామయ్య కొట్టు ఖాళీ చేసి రావడానికి ఈ మధ్య తెనాలి వెళ్ళాను. ఆయన పోయి రెండు నెలలు దాటింది. మూసి ఉన్న గదికి అద్దె కట్టడం దేనికని, సామాను తీసేసి తాళంచెవి ఇంటివారికి అప్పగించి రమ్మని అత్తయ్య ఫోన్ చేసింది. స్టేషన్ రోడ్డులో సైకిల్ షాపుకూ మందుల దుకాణానికీ మధ్య ఇరుక్కున్నట్టుండే ఆ గది షట్టరు బిగుసుకుపోయి ముందు కదలలేదు. సైకిల్ షాపాయన వచ్చి, పట్టాల్లో కాస్త నూనె పోసి, నాతోపాటు తానూ ఒక చెయ్యి వేశాక, వేసవి సెలవుల్లో ప్రతి ఉదయం విన్న అదే గరగర శబ్దంతో పైకి లేచింది. "పూల పెద్దమ్మ రెండు మూడు రోజులకోసారి వచ్చి, కొట్టు తీసేవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని అడిగి పోతోందండీ" అన్నాడాయన.

ఎండకూ వానకూ పెచ్చులు కట్టిన రంగు నా చేతుల మీద రాలింది. పైపొర ఎరుపు. అది ఊడిన చోట గులాబి, దాని కింద నారింజ, అన్నిటికంటే అడుగున పసుపు. పై మూడు రంగులూ ఒకే సెల్‌ఫోను సంస్థవి. హచ్ నారింజ రంగుతో మా ఊరికి వచ్చింది, కొంతకాలానికి గులాబిలోకి మారింది, 2007లో వొడాఫోన్ అయినప్పుడు ఎరుపు వేసుకుంది. ప్రతిసారీ కంపెనీ మనుషులే నిచ్చెనా రంగు డబ్బాలూ తెచ్చి, పైసా తీసుకోకుండా వేసి పోయేవారు. అడుగున ఉన్న పసుపు మాత్రం మామయ్య తన సొంత డబ్బుతో వేయించుకున్నది.

* * *

ఆ పసుపు మీద నల్లని అక్షరాలతో ఎస్‌టీడీ, ఐఎస్‌డీ, పీసీఓ అని ఉండేది. పై ఊళ్ళకూ విదేశాలకూ డబ్బిచ్చి మాట్లాడుకునే ఫోను బూతు అది. లోపల అద్దాల తలుపున్న చిన్న గది, అందులో ఒక స్టూలు, గోడకు చిన్న ఫ్యాను, తలుపు పైన ఎర్రని అంకెలు తిరిగే మీటరు. మాట్లాడేవారి చూపంతా ఆ అంకెల మీదే ఉండేది. ఇంటి విషయాలు అడుగుతూనే మధ్యలో మీటరు చూసి, "సరే సరే, ఉంటా" అని ఫోన్ పెట్టేసేవారు. వెంటనే బల్ల మీది యంత్రం కిర్రుకిర్రుమంటూ చీటీ కక్కేది. మామయ్య దాన్ని చింపి ఇచ్చే తీరు నాకు ఎంతో గొప్పగా కనిపించేది.

దూరాన్ని బట్టీ వేళను బట్టీ రేటు మారే రోజులవి. రాత్రి పదకొండు దాటితే పావు రేటు. అందుకని ఆ వేళకు కొట్టు ముందు బెంచీల మీద పదిమంది కూర్చుని ఉండేవారు. హైదరాబాదులో చదివే పిల్లల తల్లిదండ్రులు, బొంబాయిలో పనిచేసే వారి భార్యలు, గల్ఫు నుంచి వచ్చే ఫోను కోసం అంతకుముందే సమయం చెప్పించుకుని కాచుకునేవారు. ఇంటికి ఫోను కావాలంటే దరఖాస్తు పెట్టి ఏళ్ళ తరబడి ఎదురుచూడాలి. దేశమంతటికీ ఫోను ఇచ్చేది ప్రభుత్వ శాఖ ఒక్కటే. బొంబాయి, ఢిల్లీలకు మాత్రం ప్రభుత్వానిదే వేరొక సంస్థ ఉండేది. ఆ రోజుల్లో ఫోను విషయంలో పోటీ అంటే, ఆ బెంచీ మీద ఎవరి వంతు ముందు అన్నదే.

1995 జూలై 31న కలకత్తాలో ముఖ్యమంత్రి జ్యోతిబసు ఢిల్లీలో ఉన్న కేంద్రమంత్రి సుఖ్‌రామ్‌తో సెల్‌ఫోనులో మాట్లాడారన్న వార్త మామయ్య పేపర్లో చదివి వినిపించాడు. ప్రైవేటు కంపెనీలను అనుమతించే విధానం అంతకు ముందు ఏడాదే వచ్చింది. ఒక్కో రాష్ట్రానికి ఇద్దరేసి చొప్పున లైసెన్సులిచ్చారు. మన ఆంధ్రప్రదేశ్‌కు టాటా సెల్యులార్, జేటీ మొబైల్స్ వచ్చాయి. నిమిషానికి పదహారు రూపాయల దాకా ఛార్జీ. అదీగాక, మనకు వచ్చిన ఫోను ఎత్తినా మనమే డబ్బు కట్టాలి.

మా వీధి చివర రైసు మిల్లు యజమాని ఒకాయన తొలి రోజుల్లోనే సెల్‌ఫోను కొన్నారు. అరచేతికి పట్టనంత పెద్దది, పైన కొమ్ములాంటి ఏరియల్. అది మోగగానే ఆయన జేబులోంచి తీసి, నంబరు చూసి, ఎత్తకుండా కట్ చేసి, గబగబా మా బూతులోకి వచ్చి అదే నంబరుకు మామయ్య ఫోను నుంచి చేసి మాట్లాడేవారు. అంత డబ్బున్న మనిషి అంత ఖరీదైన ఫోను చేతిలో పెట్టుకుని, మా అద్దాల గదిలో స్టూలు మీద కూర్చుని చెమటలు కక్కుతూ మాట్లాడటం నా కళ్ళకు ఇప్పటికీ కట్టినట్టుంది.

* * *

ఇద్దరు అమ్మేవాళ్ళు మాత్రమే ఉన్నంతకాలం రేట్లు పెద్దగా దిగలేదు. లైసెన్సు కోసం పోటీపడి ఒప్పుకున్న భారీ రుసుములు కట్టలేక కంపెనీలే చతికిలపడ్డాయి. 1999లో కొత్త విధానం వచ్చి, స్థిర రుసుముకు బదులు ఆదాయంలో వాటా కడితే చాలునన్న తర్వాత వాటికి ఊపిరి వచ్చింది. 2001లో మరో ప్రైవేటు లైసెన్సుకు వేలం వేశారు. 2002లో బీఎస్ఎన్ఎల్ సెల్‌ఫోను సేవ మొదలుపెట్టింది. ఆ ఏడాది చివర రిలయన్స్ దిగి, నిమిషానికి నలభై పైసలంది. అప్పటికి పోస్టుకార్డు ధర యాభై పైసలు. మరుసటి వానాకాలంలో 501 రూపాయలు కట్టి సెట్టు పట్టుకుపొమ్మన్నప్పుడు, జీవితంలో ఫోను ముట్టుకోని వాళ్ళు సైతం కొట్టు ముందు వరుస కట్టారు. 2003లోనే వచ్చే కాల్‌కు డబ్బు కట్టే పద్ధతీ పోయింది. నన్నడిగితే, మన దేశంలో సెల్‌ఫోను పేదవాడి చేతికి వచ్చింది ఆ రోజునే. రేటు ఎంత తగ్గించినా, వినడానికి కూడా డబ్బు కట్టాలంటే కూలి మనిషి ఫోను కొనడు.

బూతు వ్యాపారం అప్పుడే పడిపోవడం మొదలైంది. మామయ్య దానికి దిగులు పడలేదు. అద్దాల గది తలుపు ఊడదీసి దాన్ని బల్లగా మార్చి, రీఛార్జి కార్డులు పేర్చాడు. షట్టరు మీద నారింజ రంగు ఎక్కింది అప్పుడే.

ఆ కార్డుల మీది వెండి పూత వాసన, ఆ పొడి నాకు ఇంకా గుర్తే. రూపాయి బిళ్ళతో గీకితే బూడిద రంగు పొడి బల్లంతా రాలేది, గోళ్ళలో దూరేది. సాయంత్రం తడి గుడ్డతో తుడిచినా చెక్క గీతల్లో మిగిలిపోయేది. చదువు రాని వాళ్ళ కార్డు మామయ్యే గీకి, అంకెలు నాలుగేసి చొప్పున విడదీసి నొక్కేవాడు. చివర ఆడగొంతు బ్యాలెన్సు చెప్పగానే ఫోను వాళ్ళ చెవి దగ్గర పెట్టి వినిపించేవాడు. డబ్బు పడినట్టు మనిషి తన చెవులతో తాను వినాలి అన్నది ఆయన నియమం.

నంబరు చూస్తే కంపెనీ తెలిసిపోయేది. 98480 అంటే ఐడియా, 98490 అంటే ఎయిర్‌టెల్, 94400 అంటే బీఎస్ఎన్ఎల్, 9885 అంటే హచ్. మనిషి ఇంటిపేరు చెప్పగానే ఊరు అడిగినట్టు, మొదటి నాలుగంకెలు వినగానే మామయ్య చెయ్యి సరైన కార్డుల దొంతర మీదికి పోయేది. జేటీ మొబైల్స్ ఎయిర్‌టెల్‌లో కలిసినా, టాటా సెల్యులార్ కాస్తా ఐడియా అయినా, అంకెలు మాత్రం మారలేదు.

* * *

బల్లకు ఎదురుగా గోడకు పెద్ద గడియారం ఉండేది, ఎర్రని సెకన్ల ముల్లుతో. ఒక నిమిషం మీద ఒక్క సెకను దాటినా రెండు నిమిషాల డబ్బు పోయే కాలం కనుక, కొట్టులో నిలబడి మాట్లాడేవారు ఆ ముల్లునే చూసేవారు. ముల్లు యాభై దాటగానే గొంతు వేగం పెరిగేది. యాభై ఎనిమిదో సెకనుకు, మాట మధ్యలో ఉన్నా సరే, కట్. అటువైపు వాళ్ళకూ అలవాటే కనుక ఎవరూ నొచ్చుకునేవారు కాదు.

2006లో బీఎస్ఎన్ఎల్ దేశంలో ఎక్కడికైనా నిమిషానికి రూపాయి అన్నది. అంతకుముందు కాశ్మీరుకైనా కన్యాకుమారికైనా దూరం లెక్కగట్టిన మనుషులం. ఆ మాట వినగానే మామయ్య బల్ల అద్దం కింద పెట్టుకున్న పాత రేట్ల పట్టికను తీసి మడిచి దాచాడు. 2009లో టాటా డొకొమో వచ్చి సెకనుకు పైసా అన్నది. కొద్ది నెలల్లో మిగతా కంపెనీలన్నీ అదే బాట పట్టాయి. ఆ తర్వాత గడియారం వైపు చూసేవారే లేకపోయారు. మాట మధ్యలో తుంచకుండా, "ఇంకేమిటి, పిల్లలు ఎట్లా ఉన్నారు" అని సావకాశంగా అడగడం నేను కొట్టులో విన్నది ఆ ఏడాదే. పోటీ వల్ల ధర తగ్గుతుందని పుస్తకాల్లో చదువుకున్నానుగానీ, దానివల్ల మనుషుల మాట తీరు కూడా నిదానిస్తుందని అక్కడే తెలుసుకున్నాను. గడియారం ఆగిపోయి ఇంకా అదే మేకుకు వేలాడుతోంది.

అప్పటికి ఎన్ని కంపెనీలో లెక్కే లేదు. ఎయిర్‌టెల్, వొడాఫోన్, ఐడియా, బీఎస్ఎన్ఎల్, రిలయన్స్, టాటా, ఎయిర్‌సెల్, యూనినార్... ఒక్కో కంపెనీ డిస్ట్రిబ్యూటరు దగ్గర నుంచి ఒక్కో కుర్రాడు బండి మీద వచ్చేవాడు. వాళ్ళలో ఒక కుర్రవాడు నాకు బాగా గుర్తు. ఎనిమిదేళ్ళలో నాలుగు కంపెనీలు మారాడు. బండి అదే, సంచీ అదే, టీ-షర్టు రంగు మాత్రం మారేది. పొద్దున వచ్చి, మామయ్య రీఛార్జి సిమ్‌లో బ్యాలెన్సు వేసి, కొత్త పథకం కాగితం బల్ల మీద అంటించి, పక్క కంపెనీ కాగితం అంచు కొద్దిగా కప్పేలా జరిపేవాడు. మధ్యాహ్నం ఆ పక్క కంపెనీ కుర్రాడు వచ్చి దాన్ని మళ్ళీ సర్దేవాడు. ఇద్దరూ మామయ్య తెప్పించిన టీ కలిసే తాగేవారు.

నిమిషం ధర తగ్గించే రేటు కట్టర్లు, రాత్రి ప్యాకులు, కట్టిన డబ్బంతా మాటలకే వచ్చే ఫుల్ టాక్‌టైములు, పది రూపాయల రీఛార్జీలు. పది రూపాయలతో వచ్చిన మనిషికి ఏడు రూపాయలకు పైగా మాట్లాడుకునే డబ్బు వచ్చేది, మామయ్యకు పైసల్లో కమిషను మిగిలేది. అయినా ఆ మనిషి కోసం ఎనిమిది కంపెనీలు కాచుకుని ఉండేవి. 2011 జనవరిలో నంబరు మార్చకుండా కంపెనీ మార్చుకునే వీలు దేశమంతటా వచ్చినప్పుడు ఈ సంగతి కళ్ళారా చూశాను. పోర్ట్ అని రాసి 1900కు సందేశం పంపితే కోడ్ వచ్చేది. మా కొట్టుకు రోజూ వచ్చే ఆటో డ్రైవరు ఒకతను అట్లా సందేశం పంపిన గంటలోనే, పాత కంపెనీ వాళ్ళు ఫోన్ చేసి, "సార్, మీకు ఏం ఇబ్బంది కలిగింది, మేము సరిచేస్తాం" అని పావుగంట బతిమాలారు. అతను ఫోను చెవి దగ్గర పెట్టుకుని, అందరికీ వినిపించేలా స్పీకరు పెట్టి, నవ్వు ఆపుకోలేకపోయాడు. నెలకు యాభై రూపాయలు మించి రీఛార్జి చేయించని మనిషిని అంతవరకు ఎవరూ సార్ అని బతిమాలి ఉండరు. ఆ రోజుతో మొదటి అంకెలను బట్టి కంపెనీ చెప్పే మామయ్య విద్యకు కాలం చెల్లింది; అయినా ఆయన సంతోషించాడు.

* * *

పూల పెద్దమ్మ స్టేషన్ గేటు దగ్గర మల్లెలూ కనకాంబరాలూ అమ్మేది. ఆమె కొడుకు హైదరాబాదులో తాపీ పని. 2005 చివర్లో కంపెనీలు 999 రూపాయలకు జీవితకాలం చెల్లే సిమ్ తెచ్చాయి. తర్వాత తర్వాత ఆ ధర సగానికీ ఇంకా తక్కువకీ దిగింది. అట్లా దిగిన రోజుల్లో కొడుకు పంపిన డబ్బుతో ఆమె మామయ్య దగ్గర అటువంటి సిమ్ తీసుకుంది. ఆమెకు ఫోను చేయడం రాదు, చేయాల్సిన అవసరమూ లేదు. రోజూ రాత్రి కొడుకు చేస్తే పచ్చ మీట నొక్కడం ఒకటే నేర్చుకుంది. ఫోనును ప్లాస్టిక్ కవర్లో చుట్టి, తడిగుడ్డ కప్పిన పూలబుట్టలో ఒక వార పెట్టుకునేది. ఛార్జింగు పెట్టమని కొట్టుకు తెచ్చినప్పుడల్లా బల్లంతా మల్లెల వాసన.

"ఇక మళ్ళీ డబ్బు కట్టే పని లేదా అబ్బాయ్?" అని ఆమె అడిగింది. "లేదు పెద్దమ్మా. నువ్వు బతికున్నంత కాలం మోగుతుంది" అన్నాడు మామయ్య. నేను పక్కనే ఉన్నాను. ఆయన అబద్ధం చెప్పలేదు. కంపెనీ కాగితం మీద రాసినదే చెప్పాడు. అయితే జీవితకాలం అంటే కంపెనీకి లైసెన్సు ఉన్నంత కాలమని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ వివరించిన సంగతి ఆయనకు తర్వాత తెలిసింది. ఆ రోజు రాత్రి అన్నం ముందు కూర్చుని, "మనిషి జీవితం అనుకున్నాను అల్లుడూ, కంపెనీ జీవితమట" అన్నాడు.

2012 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఫోను కంపెనీల లైసెన్సులు 122 రద్దు చేసింది. 2016 సెప్టెంబరులో జియో వచ్చి, మాటలకు డబ్బే వద్దంది, కొన్ని నెలలపాటు ఇంటర్నెట్టూ ఉచితమంది. ఊరంతా ఆ సిమ్ కోసం వేలిముద్రలు వేయడానికి బారులు తీరింది. ఆ తర్వాత రెండు మూడేళ్ళలో షాపు గోడ మీది పేర్లు ఒక్కొక్కటే రాలిపోయాయి. రిలయన్స్ కమ్యూనికేషన్స్ సెల్‌ఫోను సేవ ఆపింది, ఎయిర్‌సెల్ దివాలా తీసింది, యూనినార్ టెలినార్ అయి ఎయిర్‌టెల్‌లో కలిసింది, టాటా వినియోగదారులూ అక్కడికే చేరారు, వొడాఫోన్ ఐడియాలు ఏకమయ్యాయి. అప్పులు మోసుకుంటూ నష్టానికి అమ్మే పోటీ ఎల్లకాలం సాగదని నాకు తెలుసు. చౌకగా వచ్చినంత కాలం మనమెవ్వరం ఆ నష్టం ఎవరిదని అడగలేదు. కానీ ఎనిమిది మంది కాచుకుని ఉన్న పది రూపాయల మనిషిని, మిగిలిన ముగ్గురు నలుగురు ఒక్కసారిగా వదిలేయడం నాకు ఈనాటికీ మింగుడు పడదు.

2018 చివర ప్రైవేటు కంపెనీలు నెలవారీ కనీస రీఛార్జి పెట్టాయి. ఇరవై ఎనిమిది రోజులకు 35 రూపాయలు. కట్టకపోతే ముందు ఫోన్ చేసుకునే వీలు పోతుంది, తర్వాత వచ్చేవీ ఆగిపోతాయి. బ్యాలెన్సు ఉన్నవారి సేవ వెంటనే ఆపవద్దని ట్రాయ్ చెప్పిందిగానీ, పద్ధతి మాత్రం నిలిచిపోయింది. పెద్దమ్మ ఫోను బుట్టలోంచి తీసుకుని వచ్చి, "మూడు రోజులైంది అబ్బాయ్, మోగటం లేదు. నువ్వు చచ్చిందాకా అన్నావుగా" అంది. కోపంగా అనలేదు, తెలియక అడిగింది. మామయ్య ఫోను తీసుకుని, ఏవో మీటలు నొక్కి, "ఏదో చిన్న తేడా పెద్దమ్మా, సరిపోయింది" అని తిరిగి ఇచ్చాడు. ఆ సాయంత్రమే మోగింది.

ఆ తర్వాతి ఏళ్ళలో ఫోన్‌పే, గూగుల్‌పే అందరి చేతుల్లోకీ వచ్చి రీఛార్జికి కొట్టుకు వచ్చేవారే కరువయ్యారు. కుర్రాళ్ళు రావడం మానేశారు. ఎరుపు మీద ఇంకో రంగు వేయడానికి ఎవరూ నిచ్చెన తేలేదు. మామయ్య మాత్రం పొద్దున్నే షట్టరెత్తి, ఫోను కవర్లూ ఛార్జర్లూ అమ్ముకుంటూ కూర్చునేవాడు. ఎందుకు మామయ్యా ఇంకా, అని నేను చాలాసార్లు అడిగాను. "ఉండాలిలే" అనేవాడు.

* * *

సామాను పెద్దగా లేదు. రెండు కుర్చీలు, గడియారం, గీకేసిన కార్డులు నింపిన బిస్కెట్ డబ్బా, మడిచిన ఎస్‌టీడీ రేట్ల పట్టిక. సొరుగు అడుగున పేపరు కత్తిరింపు ఒకటి దొరికింది. ఇంటర్నెట్ అవసరం లేనివారికి మాటలకూ సందేశాలకూ మాత్రమే వేరే ప్యాకులు పెట్టాలని 2024 చివర ట్రాయ్ ఆదేశించిన వార్త అది. దాని కింద నీలం సిరాతో రెండు గీతలు గీసి ఉన్నాయి. కత్తిరింపు కింద పద్దు పుస్తకం.

మొదట ఏదో బాకీల పుస్తకం అనుకున్నాను. ఒక్కో పేజీ పైన ఒక నంబరు, కింద తేదీలు, పక్కన అంకెలు. తేదీకి తేదీకి మధ్య సరిగ్గా ఇరవై ఎనిమిది రోజులు. "ఏడాదికి పదమూడు నెలలు చేశారు వీళ్ళు" అని ఆయన అప్పుడప్పుడు అనే మాట అర్థమైంది. మొత్తం ఐదు నంబర్లు. నాలుగు పేజీలు అడ్డంగా కొట్టేసి ఉన్నాయి. ఒకదాని పక్కన "కాలం చేశారు" అని రాసి ఉంది. కొట్టేయని పేజీలో అంకెలు 35తో మొదలై, 49 అయి, 79 అయి, 99 అయి, నూట యాభై దాటి, చివరి వరుసల్లో 199 దగ్గరికి చేరాయి. వసూలు అన్న గడి మొదటి నుంచి చివరిదాకా ఖాళీగానే ఉంది. పేజీ పైన నంబరు పక్కన చిన్న అక్షరాలతో "పూలు" అని ఉంది.

చివరి తేదీ మామయ్య ఆస్పత్రిలో చేరడానికి వారం ముందుది. గడువు దాటి నెల పైగా అయింది.

నా ఫోను తీసి ఆ నంబరు కొట్టి, 199 కట్టాను. రీఛార్జి అయినట్టు సందేశం వచ్చేదాకా ఆగి, బల్ల మీద దొరికిన పెన్నును కాగితం మీద రెండుసార్లు రుద్దితే సిరా దిగింది. ఆయన రాసిన చివరి వరుస కింద ఆ రోజు తేదీ, దాని పక్కన అంకె వేశాను. కుర్చీలు సైకిల్ షాపులో పెట్టి, ఆ పుస్తకం మాత్రం సంచిలో వేసుకుని, స్టేషన్ గేటు వైపు నడిచాను.